హాస్టల్ పిల్లల మౌనాన్ని వినేదెవరు?

అనంతపురం కరువు గురించి రాసేవారు వానను, వేరుశనగను, వలసను లెక్కపెడతారు. ఏటా సుమారు 550 మిల్లీమీటర్ల వానతో సరిపెట్టుకునే ఈ మెట్టనేలను విడిచి తల్లిదండ్రులు బెంగళూరు కట్టడం పనులకు వెళితే, సంక్షేమ వసతిగృహాల్లో మిగిలిపోయే పిల్లల మనసును మాత్రం ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

నేను ఇలాంటి వసతిగృహంలోనే చదువుకున్నాను. ఆ పిల్లలతో నేటికీ మాట్లాడుతుంటాను. నాకు తెలిసిన తొమ్మిదో తరగతి మాదిగ విద్యార్థి ఒకడు నెలల తరబడి మాట మానేశాడు. అన్నం సగంలో వదిలి లేచేవాడు. బడిలో దానిని మొండితనం అన్నారు. ఇంట్లో గాలి సోకిందని తాయెత్తు కట్టించారు. ‘నాయనా, ఈ జబ్బుకు డాక్టరు యాడుంటాడు?’ అని అతని అవ్వ నన్ను అడిగింది.

ఆమె ప్రశ్నకు చట్టం ఏనాడో సమాధానం చెప్పింది. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం-2017లోని 18వ సెక్షన్ కులవివక్ష లేని చికిత్సను హక్కుగా గుర్తించింది. పిల్లలతో సహా ఎవరినీ చికిత్స కోసం దూరాలు తిప్పరాదనీ, సేవలు నివాసానికి దగ్గరలోనే అందాలనీ నిర్దేశించింది. ఆచరణలో మాత్రం పట్టణానికి ఒక్కసారి వెళ్లిరావడమంటే ఆ కుటుంబానికి ఒక రోజు కూలి పోవడమే.

దూరం ఒక్కటే అడ్డంకి కాదు. పట్టణంలో దొరికిన నిపుణుడు చదువు ఒత్తిడి గురించి, ఇంటి గొడవల గురించి, సెల్‌ఫోన్ గురించి అడిగాడు. కులం గురించి అడగలేదు, అబ్బాయి చెప్పలేదు. తర్వాత మరో కౌన్సిలర్ ‘బడిలో నిన్ను ఏమని పిలుస్తారు?’ అని అడిగినప్పుడే అతను నోరు విప్పాడు. ఉపకారవేతనాల జాబితా కోసం తరగతిలో ‘ఎస్సీలు లేచి నిలబడండి’ అన్నారట. ఆనాటి నుంచి తోటివారికి అతని పేరు అక్కరలేకపోయింది, కులం పేరే చాలింది. గాయం చేసింది సమాజమైతే, రోగాన్ని పిల్లవాడి తలలో మాత్రమే వెతికే చికిత్స సగం చికిత్సే.

రోహిత్ వేముల మరణం 2016లో ఈ చర్చను విశ్వవిద్యాలయాలలో రేపింది. అది వసతిగృహం గదిదాకా ఇంకా రాలేదు. విశాఖపట్నంలో నీట్ శిక్షణ పొందుతున్న విద్యార్థిని మరణానికి సంబంధించిన కేసులో సుప్రీంకోర్టు 2025 జూలై 25న మార్గదర్శకాలు జారీచేసింది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హత గల కౌన్సిలర్ ఉండాలన్నది. ఎస్సీ, ఎస్టీ, బీసీ విద్యార్థులతో సున్నితంగా మెలిగేలా సిబ్బందికి శిక్షణ ఇవ్వాలన్నది. అంటే కులాన్ని పక్కన పెట్టి మానసిక ఆరోగ్యం గురించి మాట్లాడటం కుదరదని న్యాయస్థానమే ఒప్పుకున్నట్లు.

ఇది అసాధ్యమనడానికి వీల్లేదు. మన సరిహద్దు జిల్లా బళ్లారిలోనే 1980లలో నిమ్‌హాన్స్ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల వైద్యులకు మానసిక వైద్యంలో శిక్షణ ఇచ్చింది. 1996లో మొదలైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి ఆ ప్రయోగమే నమూనా. మనకు కొరవడింది నమూనా కాదు, సంకల్పం.

ప్రభుత్వం ఉచితంగా నడుపుతున్న టెలి మానస్ నంబరు 14416 ప్రతి వసతిగృహం గోడ మీదా ఉండాలి. అయితే సొంత ఫోను లేని పిల్లవాడికి, వార్డెన్ ఎదుట నిలబడి మాట్లాడవలసిన పిల్లవాడికి నంబరు ఒక్కటే సరిపోదు. వసతిగృహాలకు శాశ్వత కౌన్సిలర్ పోస్టులు మంజూరు చేయాలి. మనస్తత్వశాస్త్రం, సామాజిక సేవ చదివిన దళిత, ఆదివాసీ, బహుజన యువతకు వాటిలో తగిన చోటు దక్కాలి. తరగతిలో కులాన్ని బహిరంగంగా చదివే అలవాటును నిషేధించాలి. పిల్లవాడు చెప్పుకున్న మాట గోప్యంగా ఉండాలి. విద్యార్థి సంఘాలు మెస్ బిల్లుల కోసం, ఉపకారవేతనాల కోసం ఎంత పట్టుదలతో పోరాడాయో ఈ డిమాండ్ కోసమూ అంతే పట్టుదలతో పోరాడాలి.