మీకు తెలుసా? బ్యాట్ పట్టకుండానే అవుట్!

సాఫ్ట్‌బాల్‌లో వరుస తప్పి ఒకరి బదులు మరొకరు బ్యాటింగ్ చేసేస్తే, అవుటయ్యేది ఆడినవారు కాదు. ఆ వంతుకు రావలసి ఉండీ రానివారు!

ఫీల్డింగ్ జట్టు తర్వాతి బంతి పడేలోగా అంపైర్‌కు అప్పీలు చేయాలి. చేస్తే ఆ దెబ్బకు వచ్చిన పరుగులూ రద్దు. ఆలస్యమైతే అన్నీ చెల్లిపోతాయి. సాఫ్ట్‌బాల్‌లో ఒక రకమైన స్లోపిచ్‌లో మైదానంలోకి దిగేది 10 మంది. ఆటకు ముందు రాసిచ్చిన వరుసే చివరిదాకా. ఒక ఇన్నింగ్స్ ఏ పేరు దగ్గర ఆగిందో, తర్వాతిది దాని కింది పేరుతో మొదలవుతుంది. అందుకే ఆ కాగితం మీద అంత ఆలోచన.

క్రికెట్‌లో ఈ కట్టడి లేదు. ఎంత మేలైంది! 2001 మార్చిలో కోల్‌కతా ఈడెన్ గార్డెన్స్‌లో ఆస్ట్రేలియాపై భారత్ ఫాలోఆన్ ఆడుతున్నప్పుడు, తొలి ఇన్నింగ్స్‌లో ఆరో స్థానంలో 59 చేసిన మన హైదరాబాదీ వి.వి.ఎస్. లక్ష్మణ్‌ను మూడో స్థానంలో పంపారు. ఆయన 281 కొట్టారు. మూడు నుంచి ఆరుకు మారిన రాహుల్ ద్రావిడ్ 180 చేశారు. ఇద్దరూ కలిసి 376 పరుగులు జోడించారు. నాలుగో రోజంతా ఒక్క వికెట్టూ పడలేదు. 274 పరుగులు వెనకబడిన భారత్ 171 పరుగుల తేడాతో గెలిచింది.