డ్యూటీకి అమ్మ, ఫ్రిజ్‌లో పాలు

ప్రసూతి సెలవు 26 వారాలు. అందులో ఎనిమిది వారాలు కాన్పుకు ముందే వాడుకుంటే, తిరిగి పనిలో చేరేనాటికి బిడ్డకు ఐదో నెల కూడా నిండదు. తల్లిపాలు మాత్రమే పట్టాల్సిందేమో ఆరు నెలలు. అంబర్‌పేట నుంచి రామంతాపూర్ మీదుగా ఉప్పల్ ఆఫీసులకో, నాచారం పారిశ్రామికవాడకో వెళ్లే తల్లికి ఈ లోటు పూడ్చేది పిండి దాచిన పాలే. పిండడం మొదలుపెట్టగానే ఇంట్లో సలహాలూ మొదలవుతాయి.

అపోహ: "పొద్దుగాల పిండినవి పొద్దుమీకి తాపుతరా? ఇరిగిపోవా?"

గది వేడి 25 డిగ్రీలు దాటకపోతే నాలుగు గంటలు ఆగుతాయి. మే నెలలో, రేకుల షెడ్డులో 25 డిగ్రీలు ఎక్కడివి? పిండిన వెంటనే చల్లచోటికి చేర్చాలి. ఫ్రిజ్ లోపలి అరలో నాలుగు రోజులు, ఫ్రీజర్‌లో ఆరు నెలలు ఉంటాయి. తలుపు అరలో పెట్టకండి. పనిచోట ఫ్రిజ్ లేకపోతే, గడ్డకట్టిన ఐస్ ప్యాకులు పెట్టిన ఇన్సులేటెడ్ బ్యాగు సాయంత్రందాకా కాపాడుతుంది. పైన మీగడ తేలితే విరిగినట్టు కాదు, మెల్లగా తిప్పితే కలిసిపోతుంది. పొయ్యి మీద కాచొద్దు, మైక్రోవేవ్ అసలే వద్దు. గోరువెచ్చటి నీళ్ల గిన్నెలో సీసా కాసేపు ఉంచితే చాలు. బిడ్డ ఎంగిలి చేసిన పాలు రెండు గంటలు దాటితే పారబోయాల్సిందే. అది చూస్తే నానమ్మలకు ప్రాణం ఉసూరుమంటుంది. అందుకే సీసాకు 60 మిల్లీలీటర్ల చొప్పున దాచండి. పట్టడానికి పాలసీసాయే అక్కర్లేదు, ఇంట్లో ఉగ్గుగిన్నె ఉంటుంది కదా.

అపోహ: "పంపు పెడితే రెండు చెంచాలే వచ్చాయి, ఇక పాలు లేనట్టే."

పంపు కొలమానం కాదు. బిడ్డ నోటికి చేపినట్టు చాలామందికి మెషిన్‌కు చేపవు. తీసినకొద్దీ ఊరతాయి, రొమ్ములు గట్టిపడేదాకా వదిలేస్తేనే ఊరడం తగ్గుతుంది. కనుక చేరే తేదీకి రెండు మూడు వారాల ముందే, ఉదయం బిడ్డ తాగిన కాసేపటికి ఒకసారి పిండడం అలవాటు చేసుకోవాలి. ఫ్రీజర్ నింపాలని హైరానా పడొద్దు. మొదటి ఒకటి రెండు రోజులకు ఉంటే చాలు, ఆపైన ఇవాళ పిండినవి రేపటికి. ఖరీదైన పంపు లేకున్నా నడుస్తుంది. శుభ్రంగా కడిగిన చేత్తో, బొటనవేలు పైన, చూపుడువేలు కింద, నల్లటి వలయం అంచుకు కాస్త వెనక ఉంచి, ముందు ఛాతీ వైపు అదిమి, తర్వాత వేళ్లను దగ్గరకు నొక్కాలి. చనుమొనను పట్టి లాగితే నొప్పే మిగులుతుంది.

ఇక పత్యం. పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలు రోజుకు 600 కిలోకేలరీలు అదనంగా కావాలన్నది భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) లెక్క. పత్యం పేరిట పెట్టే కారప్పొడి అన్నంతోనే ఆ లోటు తీరదు.

అపోహ: "ఎండల వడి వచ్చినవ్, ఇప్పుడే పాలియ్యకు, పిల్లకు వేడి జేస్తది."

ఎండకు రొమ్ములో పాలు చెడవు. చేతులు కడుక్కుని, చెమట తుడుచుకుని, నీళ్లు తాగి పట్టేయొచ్చు. అయితే నాచారంలో రసాయనాలు, మందుల పొడి మధ్య పనిచేసేవాళ్ల సంగతి వేరు. బట్టలు మార్చుకున్నాకే బిడ్డను ఎత్తుకోవాలి. సీసం, ద్రావకాలతో పనైతే చేరకముందే డాక్టర్‌కు చెప్పాలి.

అపోహ: "మధ్యలో బ్రేక్ అడిగితే బాగుండదు."

అది ఎవరి దయా కాదు. బిడ్డకు 15 నెలలు నిండేదాకా రోజుకు రెండు అదనపు విరామాలు 1961 ప్రసూతి ప్రయోజనాల చట్టం నాటి నుంచే ఉన్నాయి. 50 మంది, ఆపైన పనిచేసే చోట క్రెష్ ఉండాలనీ, తల్లి రోజుకు నాలుగుసార్లు అక్కడికి వెళ్లొచ్చనీ 2017 సవరణ చేర్చింది. చట్టం విరామమైతే ఇచ్చింది గానీ, పాలు పిండుకోవడానికి గడియ ఉన్న గది ఇవ్వలేదు. పాలు ఆగిపోయేది ఒంట్లో లోపంతోనే కాదు, ఆ గది లేక కూడా. బాత్రూమ్ అందుకు చోటు కాదు. చేరడానికి వారం ముందే సూపర్‌వైజర్‌కో హెచ్‌ఆర్‌కో మెసేజ్ పెట్టండి: లోపల గడియ, ఒక కుర్చీ, ప్లగ్ పాయింటు, దగ్గర్లో నల్లా.