గోల్ఫ్ కర్రల దూరాలు

గోల్ఫ్ ఆటగాడు తన సంచిలోని ఒక్కొక్క కర్రతో (క్లబ్బుతో) బంతిని మామూలుగా ఎంత దూరం కొట్టగలడో తెలిపే లెక్కను గోల్ఫ్ కర్రల దూరాలు అంటారు. ఈ దూరాలు నిజానికి కర్రవి కావు, మనిషివి. 7వ నంబరు ఐరన్‌తో పీజీఏ టూర్ ఆటగాళ్ళు సగటున 170 గజాలకు పైగా, మహిళల ఎల్‌పీజీఏ టూర్ క్రీడాకారిణులు సుమారు 140 గజాలు బంతిని గాలిలో పంపుతారు. కొత్తగా నేర్చుకొనేవారికి అదే కర్రతో 100 గజాలు దాటడం కూడా కష్టం కావచ్చు. ఇంటి స్థలాల కొలతలో తెలుగువారికి పరిచయమైన గజమే ఇది (3 అడుగులు).

గూటీబిళ్ళతో పోలిక

కోనసీమతో సహా కోస్తా పల్లెల్లో గూటీబిళ్ళ, బిళ్ళంగోడు వంటి పేర్లతో ఆడే ఆటలో బిళ్ళ పడిన దూరాన్ని దానిని కొట్టిన కర్రతోనే కొలుస్తారు. కొన్నిచోట్ల కొట్టినవాడు ముందుగా ఇన్ని కర్రలని అడగాలి. ఎదుటివారికి అనుమానం వస్తే కొలుస్తారు. అడిగినదానికంటే తక్కువ వస్తే అతని ఆట పోతుంది. గోల్ఫ్‌లో ఇలా అడిగేవారు ఉండరు. దూరాన్ని ఎక్కువగా ఊహించుకొన్న ఆటగాడి బంతి గ్రీన్‌కు ముందున్న ఇసుక గుంటలోనో నీటిలోనో పడుతుంది, అంతే.

కర్రలు, వాలు

నియమాల ప్రకారం ఒక ఆటగాడు 14 కర్రలకు మించి తీసుకువెళ్ళరాదు. కర్ర తల ముఖం ఎంత వెనుకకు వాలి ఉంటే బంతి అంత ఎత్తుకు లేచి అంత దగ్గరలో పడుతుంది. డ్రైవర్ వాలు సుమారు 10 డిగ్రీలు, ఇసుకలో వాడే వెడ్జ్ వాలు సుమారు 55 డిగ్రీలు. పక్కపక్క నంబర్ల ఐరన్ల మధ్య వాలులో తేడా సాధారణంగా 3, 4 డిగ్రీలు. దూరంలో తేడా 10 నుండి 15 గజాలు. బంతిని నెమ్మదిగా కొట్టేవారికి ఈ తేడా ఇంకా తగ్గుతుంది.

కొలిచే విధానం

ఒక్కొక్క కర్రతో పది, పదిహేను బంతులు కొట్టి, అవి నేలను తాకిన చోటును కొలవాలి. ఎప్పుడో ఒకసారి తగిలిన గొప్ప దెబ్బను కాక, ఎక్కువ బంతులు పడిన చోటునే లెక్కలోకి తీసుకోవాలి. సాధన మైదానాలలో ఇచ్చే బంతులు తరచుగా తక్కువ దూరం పోతాయి గనుక ఆటలో వాడే బంతులతో కొలవడం మేలు. లేజర్ దూరమాపకాలను 2019 నియమావళి సాధారణంగా అనుమతించింది, కాని పోటీ నిర్వాహకులు వాటిని నిషేధించవచ్చు.

కంటి అంచనా ఎంత తప్పగలదో 1971లో చంద్రునిపై అలన్ షెపర్డ్ కొట్టిన బంతి చూపుతుంది. అది మైళ్ళకొద్దీ పోయిందని ఆయన అన్నాడు. యాభై ఏళ్ళ తరువాత ఛాయాచిత్రాలను శుభ్రపరచి కొలిస్తే సుమారు 40 గజాలే వచ్చింది.

గాలిలో దూరం, నేలపై దూరం

బంతి పడిన తరువాత ఎగిరి, దొర్లి పోయే దూరం ఆటగాడి చేతిలో పూర్తిగా ఉండదు. హైదరాబాదు మూలాలున్న తెలుగు కుటుంబంలో అమెరికాలో పుట్టిన సాహిత్ తీగల 2022 ఫిబ్రవరిలో ఫీనిక్స్ ఓపెన్ చివరి రోజున 17వ హోల్ వద్ద కొట్టిన బంతి, నేలను తాకి ఎడమకు ఎగిరి నీటిలో పడింది. ప్లేఆఫ్‌కు ఆయన ఒక్క స్ట్రోకు దూరంలో ఆగిపోయాడు. తొలి పీజీఏ టూర్ విజయం 2023 సెప్టెంబరులో ఫోర్టినెట్ ఛాంపియన్‌షిప్‌లో దక్కింది.

స్థలం, వాతావరణం

ఎత్తు పెరిగేకొద్దీ గాలి పలచబడి బంతి దూరం పోతుంది. సముద్రతీరానికి దగ్గరగా ఉన్న విశాఖపట్నం ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్బులో 150 గజాలు పోయే దెబ్బ, 500 మీటర్లకు పైగా ఎత్తులో గోల్కొండ వద్ద ఉన్న హైదరాబాదు గోల్ఫ్ క్లబ్బులో రెండు, మూడు గజాలు ఎక్కువ పోవచ్చు. అమలాపురం, రాజోలు వంటి డెల్టా ప్రాంతాల ఉక్కగాలి బరువైనదని అనిపిస్తుంది గాని అది నిజం కాదు. నీటి ఆవిరి గాలికంటే తేలిక కావడంతో తేమ గాలిలో బంతి అతి కొద్దిగా ఎక్కువే పోతుంది. దూరాన్ని తగ్గించేది దొర్లనివ్వని తడి నేల. సముద్రపు గాలి ప్రభావం వీటన్నిటికంటే పెద్దది: వెనుక నుండి వీచినప్పుడు కలిసివచ్చే దూరంకంటే ఎదురుగా వీచినప్పుడు పోయే దూరం ఎక్కువ.