‘వైరస్ కనపడలేదు’ అంటే జబ్బు పోయినట్లు కాదు

హెచ్.ఐ.వి. ఉన్నవారికి చేసే రక్తపరీక్షల్లో ముఖ్యమైనవి రెండు. మొదటిది సి.డి.4. రోగాలతో పోరాడే కణాల లెక్క ఇది. ఆరోగ్యవంతులకు ఘనపు మిల్లీమీటరు రక్తంలో సుమారు 500 నుంచి 1,500 ఉంటాయి. 200 కంటె తగ్గితే క్షయ, న్యుమోనియా వంటి వాటి ముప్పు బాగా పెరుగుతుంది. జ్వరం వచ్చినా ఈ అంకె కొంత తగ్గవచ్చు. ఒక్కసారి తగ్గిందని బెంగపడనక్కరలేదు.

రెండవది వైరల్ లోడ్. రక్తంలో వైరస్ ఎంత ఉన్నదో చెబుతుంది. రోజూ మాత్రలు వేసుకుంటే సాధారణంగా ఆరు నెలల్లో పరీక్షకు అందనంతగా తగ్గుతుంది. అలాగే తగ్గి ఉన్నంత కాలం సంసారం వల్ల భార్యకు గాని, భర్తకు గాని సోకదు. నయమైందనుకుని మాత్రలు మానితే కొద్ది వారాల్లోనే వైరస్ మళ్లీ పెరుగుతుంది. అంకె 1,000 దాటితే, మాత్రలు ఎన్ని రోజులు తప్పాయో డాక్టరుకు దాచకుండా చెప్పాలి.

సి.డి.4 ఎంత ఉన్నా, 2017 నుంచి ప్రభుత్వ ఎ.ఆర్.టి. కేంద్రాల్లో మందులు ఉచితంగా ఇస్తున్నారు.