పిల్లలు పళ్లు కొరికితే పురుగులేనా?

"సిస్టరమ్మా, రాత్రంతా పండ్లు కొరుకుతుండు, పురుగుల గోలి రాసియ్యుండ్రి" అని తల్లులు ఓ.పి.లో అడుగుతుంటారు. బెల్లం తిన్నందుకే పురుగులు పట్టాయనేవారూ ఉన్నారు. పళ్లు కొరకడం పురుగులకు గుర్తు కాదు. తీపి తింటే పురుగులు పుట్టవు. మట్టిలోని గుడ్లు చేతులద్వారా నోట్లోకి పోతే ఏలికపాములు వస్తాయి. కొంకిపురుగు పిల్లలు చెప్పుల్లేని పాదాల చర్మంలోనుండి దూరుతాయి. కడుపులో పురుగులున్నా ఏ బాధా కనిపించని పిల్లలు చాలామంది. కాబట్టి మలపరీక్ష చేయించాలి.

దానికి శుభ్రమైన పొడి డబ్బా కావాలి. నేలమీదినుండి ఎత్తి తేవద్దు, మట్టి పురుగులు కలుస్తాయి. మూత్రం, నీళ్లు కలవకూడదు. చిన్న చెంచాడు చాలు. ఆసిఫాబాద్, ఉట్నూర్ వంటి దూరప్రాంతాలనుండి బస్సులో వచ్చేవారు ఇంటినుండి తేకండి. ఎండకు కొంకిపురుగు గుడ్లు పొదిగిపోతాయి, పరీక్ష తప్పుతుంది. ఆసుపత్రికి వచ్చాకే డబ్బా అడగండి.

ఒకసారి పురుగులు లేవని వచ్చినంత మాత్రాన నిశ్చింత పడనక్కరలేదు. ఆడ ఏలికపాము రోజుకు సుమారు 2 లక్షల గుడ్లు పెడుతుంది, తేలికగా దొరుకుతాయి. అయితే అది కడుపులో చేరిన తరువాత 2, 3 నెలలదాకా గుడ్లే ఉండవు. కొంకిపురుగు గుడ్లు తక్కువ. అందుకే డాక్టరుగారు వేర్వేరు రోజుల్లో 3 సార్లు తెమ్మంటారు. డబ్బుల కోసమని అనుకోకండి!

దారం ముక్కల్లాంటి సన్నని తెల్లపురుగుల సంగతి వేరు. అవి రాత్రి బయటకు వచ్చి మలద్వారం చుట్టూ గుడ్లు పెడతాయి, బిడ్డ గోక్కుంటాడు. మలపరీక్షలో ఇవి సాధారణంగా దొరకవు. ఉదయం కడగకముందే అక్కడ పారదర్శకమైన టేపు అద్ది, గాజుపలకపై అంటించి చూడాలి.

2015లో దేశంలో జాతీయ నులిపురుగుల నివారణ దినం మొదలైంది. ఆ రోజు పరీక్ష లేకుండానే బడుల్లో, అంగన్‌వాడీల్లో ఆల్బెండజోల్ ఇస్తారు. 2 ఏళ్లు దాటినవారికి 400 మి.గ్రా., 1-2 ఏళ్లవారికి అందులో సగం. అది మంచిదే, వేయించండి. కాని పాలిపోయి, మన్ను తినే బిడ్డకు ఆ గోలితో సరిపెట్టవద్దు. కొంకిపురుగులు రక్తం పీల్చవచ్చు, తిండిలో ఇనుము చాలకపోవచ్చు. ఆదిలాబాద్ గిరిజన కుటుంబాల్లో సికిల్ సెల్ వ్యాధి కూడా ఉంది. రక్తపరీక్షా చేయించాలి.

పొట్ట ఉబ్బి, వాంతులవుతూ, దొడ్డికి రాకపోతే పేగులో పురుగులు ఉండకట్టి ఉండవచ్చు. అప్పుడు ఇంట్లో పురుగుల మందు వేయవద్దు. అర్ధరాత్రయినా ఆసుపత్రికి తీసుకురండి.