తల్లిదండ్రులకు లైసెన్సు కావాలా?

స్కూటరు నడపాలంటే లైసెన్సు కావాలి. బడిలో పాఠం చెప్పాలంటే బి.ఎడ్. కావాలి. పిల్లల్ని కని పెంచడానికి మాత్రం ఏ కాగితమూ అక్కర్లేదు. పెళ్లి చేసి చూడమన్నారు, ఇల్లు కట్టి చూడమన్నారు గాని, పిల్లల్ని పెంచి చూడమని మన పెద్దలు అనలేదెందుకో! అది దానంతటదే జరిగిపోతుందనుకున్నారు కాబోలు.

1980లో హ్యూ లఫాలెట్ అనే అమెరికన్ తత్త్వవేత్త తల్లిదండ్రులకూ లైసెన్సు ఉండాలని వాదిస్తూ ఒక వ్యాసం రాశాడు. చేతగానివాడు చేస్తే ఇతరులకు హాని జరిగే పనికి ముందుగా అర్హత చూడటం న్యాయమే కదా, దత్తత ఇచ్చేటప్పుడు చూస్తూనే ఉన్నాం కదా అన్నది అతని తర్కం.

నిజమే. మన దేశంలో 2022 దత్తత నిబంధనల ప్రకారం దంపతులు కనీసం రెండేళ్లు సవ్యంగా కాపురం చేసి ఉండాలి. ఆదాయం, ఆరోగ్యం రుజువు చూపాలి. సోషల్ వర్కరు ఇంటికొచ్చి, మాట్లాడి, నివేదిక రాస్తారు. బిడ్డ చేరిన తర్వాత కూడా రెండేళ్లపాటు ఆరు నెలలకోసారి వచ్చి చూసిపోతారు. అదే దంపతులు సొంతంగా బిడ్డను కంటే అడిగే నాథుడుండడు.

అలాగని అందరికీ పరీక్ష పెడదామా? నేను ఒప్పుకోను. దత్తతలో బిడ్డ అప్పటికే ఉన్నాడు. వాడికి మంచి ఇల్లు వెతకడం ప్రభుత్వం బాధ్యత. ఇంకా పుట్టని బిడ్డ సంగతి వేరు. పరీక్ష తప్పినవాళ్లను ఏం చేస్తారు? 1927లో అమెరికా సుప్రీంకోర్టు క్యారీ బక్ అనే యువతికి మందబుద్ధి అన్న నెపంతో బలవంతపు ఆపరేషన్‌ను సమర్థించింది. ఆమెతోపాటు మందబుద్ధి అని ముద్ర వేసిన ఆమె పసికూతురు తర్వాత బడిలో మంచి విద్యార్థుల జాబితాకెక్కింది! మన దగ్గర 1976లో, ఎమర్జెన్సీ రోజుల్లో, బలవంతపు ఆపరేషన్ల దెబ్బ ఎక్కువగా పేదవాళ్ల మీదే పడింది. పరీక్ష పెట్టేవాడి చేతిలో ఎప్పుడూ బీదవాడే తప్పుతాడు.

రుజువు వద్దు గాని, తయారీ మాత్రం తప్పదు. గర్భం నిలిచిన సుమారు నాలుగు వారాల్లోనే శిశువు మెదడుకూ వెన్నుపాముకూ మూలమైన నాళం మూసుకుంటుంది. అప్పటికి చాలామందికి నెల తప్పిన సంగతే తెలియదు. అందుకే ఫోలిక్ యాసిడ్ రోజుకు 400 మైక్రోగ్రాములు కనీసం ఒక నెల ముందునుంచే వేసుకోమంటారు డాక్టర్లు. సీమంతం నాటికి ఆ గడువు ఎప్పుడో దాటిపోతుంది. అలాగే భార్యాభర్తలిద్దరిలోనూ తలసీమియా లక్షణం దాగి ఉంటే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు ఆ జబ్బు తీవ్రంగా వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. మామూలు రక్తపరీక్షతో తెలిసే విషయమిది. జాతకాలు కలపడానికున్న ఓపిక దీనికి ఉండదు మనకి.

ఇక రాత్రిళ్లు ఎవరు మేలుకోవాలి, ఉద్యోగానికి ఎవరు సెలవు పెట్టాలి అన్నవి కూడా ముందే తేల్చుకోవలసినవే. ఈ మాట ఎత్తితే "అది ఆడవాళ్ల డిపార్టుమెంటు గురూ" అన్నాడొక మిత్రుడు. దత్తత నిబంధనలు మాత్రం అలా అనవు. దంపతులైతే ఇద్దరి సమ్మతీ ఉండి తీరాలి.