మంచి శ్రోత

మహారాష్ట్రలో ఠాణే జిల్లాలోని భివండీ మరమగ్గాలకు పేరుపొందిన పట్టణం. దానికి చేరువలో, ముంబయి - నాసిక్ రహదారి మీద మాన్కోలి ఉంది. తెలంగాణ జిల్లాల నుండి బతుకుతెరువు కోసం వచ్చిన నేత కుటుంబాలు ఎన్నో ఈ ప్రాంతంలో స్థిరపడ్డాయి. మరమగ్గాన్ని ఆ కుటుంబాలవారు సాంచా అంటారు. సాంచాల చప్పుడులో గంటల తరబడి పనిచేసేవారికి తీరికగా పాట వినే సమయం తక్కువ. వినాయక చవితి పందిరిలోనో, దేవీ నవరాత్రులలోనో, మార్కండేయ జయంతి నాడో ఒక హరికథ, ఒక భజన, ఒక పాటకచేరీ ఏర్పాటైతే ఆ సాయంత్రం వారికి పండుగ.

ఇటువంటి కార్యక్రమాలకు టిక్కెట్టు ఉండదు. కుర్చీకి నంబరు ఉండదు. ఎవరైనా రావచ్చు, ఎక్కడైనా కూర్చోవచ్చు. అందువల్లనే కొందరు వీటిని తేలికగా చూస్తారు. ఆలస్యంగా వస్తారు, మధ్యలో లేచిపోతారు, పక్కవారితో ముచ్చట్లు పెడతారు. డబ్బు ఇచ్చి కొన్నది కాదు కదా అనుకుంటారు. కాని టిక్కెట్టు లేని కచేరీకి కూడా వెల ఉంది. పందిరికి, మైకుకు, దీపాలకు ఎవరో చందాలు ఇచ్చి ఉంటారు. గంటసేపు పాడడానికి గాయకుడు ఏళ్ళ తరబడి సాధన చేసి ఉంటాడు. శ్రోత ఆ వెలను డబ్బు రూపంలో కాక, శ్రద్ధ రూపంలో చెల్లించాలి.

నేతపనివారికి ఈ సంగతి కొత్తది కాదు. తెలంగాణలో పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే కథకులు ఉన్నారు. వారిని కూనపులివారు అంటారు. వారు కథను బొమ్మలుగా గీసిన పొడవైన పటాన్ని వేలాడదీసి, ఒక్కొక్క బొమ్మను చూపుతూ, పాడుతూ, మాట్లాడుతూ కథ చెబుతారు. దీనికి పటం కథ అని పేరు. ఈ పటాలను చేర్యాలలోని నకాషీ చిత్రకారులు వేస్తారు. నూలు బట్టకు చింతగింజల జిగురు, సుద్దమట్టి పూసి, ఆరబెట్టి, దాని మీద రంగులు వేస్తారు. సాలెవారు నేసిన బట్ట మీదనే సాలెవారి కథ చిత్రమవుతుంది.

పటం కథకు టిక్కెట్టు లేదు. అయినా అది ఉచితమూ కాదు. కథకులకు తిండి, బస, కట్నం ఇవ్వడం కథ వినే కులంవారి బాధ్యత. కథ చెప్పడం కూనపులివారి హక్కు కూడా. ఇచ్చేవారు దానం చేస్తున్నామని అనుకోరు. పుచ్చుకునేవారు యాచిస్తున్నామని అనుకోరు. ఊరివారు నేత వదిలి దూరప్రాంతాలకు వెళ్ళినకొద్దీ, వినేవారు తగ్గినకొద్దీ, ఇటువంటి కళలు క్షీణించాయి. కళ బతకాలంటే చెప్పేవాడు ఎంత అవసరమో, వినేవాడూ అంతే అవసరం.

మెచ్చుకోలు తెలిపే పద్ధతి అన్ని కళలకూ ఒకటి కాదు. కొన్ని కళలు శ్రోత నోరు విప్పాలని కోరుకుంటాయి. కొన్ని మౌనాన్ని కోరుకుంటాయి. ఏది ఎక్కడ తగునో తెలుసుకోవడమే సభా మర్యాద.

బుర్రకథలో తంబుర పట్టిన కథకునికి రెండు పక్కలా ఇద్దరు వంతలు ఉంటారు. కథకుడు ఒక మాట అంటే వంతలు అందుకుంటారు. ఒక వంత హాస్యం చెబుతాడు, మరొక వంత నేటి లోకం పోకడ గురించి చెబుతాడు. అక్కడ నవ్వవలసిన చోట నవ్వకపోతేనే లోటు. శ్రోతలు స్పందించినకొద్దీ కథ వేడెక్కుతుంది. బుర్రకథలో ప్రసిద్ధుడైన షేక్ నాజర్ (1920 - 1997) ఈ కళనే నమ్ముకొని జీవించారు. 1986లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

హరికథ తీరు మరొకటి. ఇందులో ఒక్కరే కథ చెప్పాలి, పాడాలి, ఆడాలి, నవ్వించాలి. హరికథా పితామహుడని పేరుపొందిన ఆదిభట్ల నారాయణదాసు (1864 - 1945) ఈ విద్యలన్నిటిలో ఆరితేరినవారు. 1919లో విజయనగరంలో ఏర్పడిన సంగీత కళాశాలకు ఆయనే తొలి అధ్యక్షులు. హరికథలో దాసుగారు నామం చెప్పగానే శ్రోతలందరూ గోవిందా అని బదులు పలకాలి. ఇది అల్లరి కాదు, కథలో భాగమే. పలకవలసిన చోట సభ మౌనంగా ఉంటే కథకుని ఉత్సాహం తగ్గుతుంది. కరుణరసం నడుస్తున్నప్పుడు ఎవరైనా కేక వేస్తే సభకంతా రసభంగం అవుతుంది.

పద్యనాటకాలలో మరొక అలవాటు ఉంది. నటుడు పద్యాన్ని రాగంతో పాడి ముగించగానే ప్రేక్షకులు వన్స్ మోర్ అని అరుస్తారు. నటుడు మళ్ళీ పాడుతాడు. తెలుగువారికి పద్యం మీద ఉన్న ప్రేమకు ఇది గుర్తు. అయితే ప్రతి పద్యానికీ ఇలాగే అడిగితే కథ ముందుకు సాగదు, నటుని గొంతు అలసిపోతుంది, చివరి రంగాలకు సమయం చాలదు. ఎక్కువ ప్రేమ కూడా కొన్నిసార్లు కళాకారునికి భారమవుతుంది.

శాస్త్రీయ సంగీతంలో శ్రోత చేతికి చక్కని పని ఉంది. అది తాళం వేయడం. ఆది తాళానికి ఎనిమిది అక్షరాలు. మొదట ఒక దెబ్బ, తర్వాత మూడు వేళ్ళ లెక్క, ఆపైన దెబ్బ - విసురు, దెబ్బ - విసురు. తెలిసినవారు దీనిని తొడ మీద, చప్పుడు కాకుండా వేసుకుంటారు. పక్కవారికి వినిపించేలా చరచకూడదు. గాయకుడు రాగం ఆలపిస్తున్నప్పుడు నిశ్శబ్దంగా వినాలి. మంచి సంగతి పడినప్పుడు ఆహా అనో, భేష్ అనో మెల్లగా అనడం సంప్రదాయమే. పాట ముగిశాక చప్పట్లు కొట్టాలి. మృదంగ విద్వాంసుడు ఒక్కడే వాయించే భాగాన్ని తనియావర్తనం అంటారు. పాట ఆగింది కదా అని కొందరు అప్పుడే లేచిపోతారు. అంతసేపూ గాయకునికి తోడుగా వాయించిన కళాకారుని వంతు వచ్చినప్పుడు లేచిపోవడం మర్యాద కాదు.

భివండీ వంటి చోట పెరిగే పిల్లలకు ఇరుగుపొరుగు భాషలవారి కళలు కూడా వినే భాగ్యం ఉంది. వార్కరీల కీర్తనలో శ్రోతలు చప్పట్లతో తాళం వేస్తూ విఠ్ఠల నామం పలుకుతారు. అక్కడ చేతులు ముడుచుకొని కూర్చుంటే వేరుపడినట్లు ఉంటుంది. హిందుస్తానీ కచేరీలో గాయకుడు ఎన్నెన్నో తానాలు తిరిగి సరిగ్గా తాళం మొదటి దెబ్బకు చేరుతాడు. ఆ చోటును సమ్ అంటారు. అప్పుడు శ్రోతలు తల ఊపి వాహ్ అంటారు. దర్గాలలో జరిగే కవ్వాలీ సభలో కానుక ఇవ్వదలచినవారు దానిని ముందు సభలోని పెద్దకు సమర్పిస్తారు. ఆ తర్వాత అది గాయకులకు చేరుతుంది. ఏ సభకు వెళ్ళినా, ముందు అక్కడి పెద్దలు ఎలా ఉన్నారో గమనించి అలాగే నడుచుకోవాలి.

ఇతర దేశాలలో కూడా ఇటువంటి పద్ధతులు ఉన్నాయి. పాశ్చాత్య శాస్త్రీయ సంగీత సభలో ఒక రచనకు మూడు నాలుగు భాగాలు ఉంటే, అన్నీ పూర్తయ్యాకనే చప్పట్లు కొడతారు. జాజ్ సంగీతంలో ఒక్కొక్కరు తమ వంతు వాయించి ముగించగానే, పాట నడుస్తుండగానే చప్పట్లు కొడతారు. కాలాన్నిబట్టి కూడా పద్ధతులు మారుతాయి. 1778లో పారిస్‌లో తన సంగీతం వింటూ శ్రోతలు మధ్యలోనే చప్పట్లు కొట్టారని మొజార్ట్ సంతోషంతో తండ్రికి ఉత్తరం రాశాడు. నేడు అదే సంగీతానికి ఆ పని చేస్తే చుట్టుపక్కలవారు తిరిగి చూస్తారు. పద్ధతి మారవచ్చు. కాని శ్రోత శ్రద్ధను కళాకారునికి తెలియజేయాలన్న ఉద్దేశం మారలేదు.

కొన్ని నియమాలు మాత్రం అన్ని సభలకూ వర్తిస్తాయి. మొదటిది సమయపాలన. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమాల ప్రకారం రాత్రి పది గంటల నుండి ఉదయం ఆరు గంటల వరకు ఆరుబయట లౌడ్‌స్పీకర్లు వాడరాదు. కొన్ని పండుగ రోజులలో మాత్రం ప్రభుత్వం అర్ధరాత్రి వరకు అనుమతి ఇవ్వవచ్చు. ఏడు గంటలకు మొదలు కావలసిన కార్యక్రమం జనం చేరక ఎనిమిదికి మొదలైతే, పోయిన గంట మళ్ళీ రాదు. చివర పాడవలసిన వారికి అవకాశం పోతుంది. వారు తరచుగా కొత్తగా నేర్చుకుంటున్న పిల్లలే అయి ఉంటారు. రాత్రి షిఫ్టుకు వెళ్ళవలసినవారికి కూడా వినే భాగ్యం దక్కదు.

రెండవది మాట తగ్గించడం. సాంచాల మధ్య పనిచేసేవారు ఒకరితో ఒకరు మాట్లాడాలంటే గొంతు పెంచక తప్పదు. ఆ అలవాటు ఇంటికీ వస్తుంది, సభకూ వస్తుంది. సభలో దానిని కొంచెంసేపు మానుకోవాలి. పడుగులో పోగు తెగితే సాంచా ఆపి ముడి వేయవచ్చు. పాటలో శ్రద్ధ తెగితే ముడి వేయడానికి వీలుండదు. పసిపిల్ల ఏడిస్తే తల్లి వెలుపలికి తీసుకువెళ్ళడానికి దారి ఇవ్వాలి, విసుక్కోకూడదు. మధ్యలో వెళ్ళక తప్పనివారు అంచున కూర్చోవాలి. ఒక పాట ముగిసి మరొక పాట మొదలయ్యే లోపల లేవాలి. వేదికకు, శ్రోతలకు మధ్యగా నడవకూడదు.

మూడవది సెల్‌ఫోను. దాని మోత ఆపి ఉంచాలి. పాటను చిత్రీకరించాలంటే ముందుగా అనుమతి అడగాలి. ఫోనును తల కంటే ఎత్తుగా పట్టుకుంటే వెనుకవారికి వేదిక కనిపించదు. చీకటిలో దాని వెలుగు కళాకారుని కంటిలో పడుతుంది. తర్వాత చూసుకుందామని చిత్రీకరించేవాడు చాలాసార్లు అప్పుడు వినడమే మరచిపోతాడు.

నాలుగవది కానుక ఇచ్చే తీరు. హరికథ చివర మంగళం పాడి హారతి పళ్ళెం తిప్పుతారు. ఇవ్వగలిగినవారు తోచినంత అందులో వేస్తారు. కొన్ని ప్రదర్శనలలో దాత పేరు, ఇచ్చిన మొత్తం మైకులో చదువుతారు. కథ మంచి పట్టులో ఉండగా ఈ చదివింపులు మొదలైతే వినేవారి మనసు కథ నుండి డబ్బు మీదికి మళ్ళుతుంది. కనుక కానుకలను విరామంలోనో, చివరనో ఇవ్వడం మేలు. నోట్లను కళాకారుల మీదికి విసరడం అవమానం. పళ్ళెంలో వేసినా, చేతికి ఇచ్చినా గౌరవంతో ఇవ్వాలి.

డబ్బు లేని పిల్లలు కూడా ఎంతో ఇవ్వగలరు. కార్యక్రమం ముగిశాక కళాకారుని దగ్గరకు వెళ్ళి నమస్కరించి, ఏ పాట నచ్చిందో, అందులో ఏ చోటు నచ్చిందో చెప్పవచ్చు. బాగుంది అని ఊరకే అనడం కంటే, ఫలానా చోట గొంతు తగ్గించి పాడినప్పుడు కళ్ళు చెమర్చాయి అని చెబితే, నిజంగా విన్నారని కళాకారునికి తెలుస్తుంది. మంచినీళ్ళు అందించడం, చాపలు చుట్టడం, కుర్చీలు సర్దడం కూడా మెచ్చుకోలే. వాద్యాలను మాత్రం అడగకుండా తాకకూడదు, కాలితో దాటకూడదు.

శ్రోతల శ్రద్ధ ఎంత చేయగలదో తిరువైయారు చూపుతుంది. తమిళనాడులోని తంజావూరు దగ్గర కావేరి ఒడ్డున ఉన్న ఆ ఊరిలోనే త్యాగరాజు (1767 - 1847) నివసించారు. ఆయన కృతులలో ఎక్కువ భాగం తెలుగులో ఉన్నాయి. 1920ల నాటి రోజులలో బెంగుళూరు నాగరత్నమ్మ తన సొమ్ము వెచ్చించి ఆయన సమాధి దగ్గర మందిరం కట్టించారు. అప్పట్లో ఆరాధనలో స్త్రీలు పాడడానికి అవకాశం ఉండేది కాదు. ఆమె పట్టుబట్టి స్త్రీలతో పాడించారు. ప్రతి సంవత్సరం పుష్య బహుళ పంచమి నాడు అక్కడ ఆరాధన జరుగుతుంది. పేరుపొందిన విద్వాంసులు పారితోషికం తీసుకోకుండా పాడుతారు. పంచరత్న కృతులను అందరూ నేల మీద కూర్చొని కలిసి పాడుతారు. పాడేవారెవరు, వినేవారెవరు అన్న భేదం ఆ సమయంలో చాలావరకు తొలగిపోతుంది. అక్కడ చేరేవారిలో తెలుగు మాతృభాష కానివారే ఎక్కువ. అయినా వారు తెలుగు మాటలను నేర్చుకొని, శ్రద్ధగా విని, పాడి నిలబెట్టారు.

తెలుగునాటికి దూరంగా ఉన్న ఊళ్ళలో తెలుగు కార్యక్రమాలు అరుదుగా జరుగుతాయి. ఖాళీ చాపల ముందు పాడి వెళ్ళిన కథకుడు మళ్ళీ పిలిచినా రావడానికి వెనుకాడుతాడు. నిండు సభలో, శ్రద్ధగల శ్రోతల ముందు పాడిన కథకుడు మరుసటి ఏడు పిలవకముందే ఆ ఊరిని తలచుకుంటాడు. మాన్కోలిలోగాని, భివండీలోగాని మరుసటి పండుగకు తెలుగు పాట వినిపిస్తుందా లేదా అన్నది వేదిక మీది వారి చేతిలో ఎంత ఉందో, ఎదుట చాప మీద కూర్చున్న పిల్లల చేతిలోనూ అంత ఉంది.

అభ్యాసం

1. టిక్కెట్టు లేని కార్యక్రమానికి కూడా వెల ఉందని ఎందుకు చెప్పారు?
2. పటం కథ చెప్పేవారికీ, వినేవారికీ మధ్య ఉన్న సంబంధాన్ని వివరించండి.
3. బుర్రకథ, హరికథ, శాస్త్రీయ సంగీతం - వీటిలో శ్రోతలు మెచ్చుకోలును ఎలా తెలుపుతారు?
4. కార్యక్రమం ఆలస్యంగా మొదలైతే ఎవరెవరికి నష్టం కలుగుతుంది?
5. మీ ఊరిలో జరిగిన ఒక సంగీత కార్యక్రమం గురించి, అందులో మీకు నచ్చిన ఒక చోటును గురించి పది వాక్యాలు రాయండి.